టీకా తెచ్చిన చుట్టరికం

ఆ రోజుల్లో టీకా మందు సీసాల్లో వచ్చేది కాదు, మనుషుల జబ్బల్లో వచ్చేది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు ముసలిదానికి మతి పోయిందని నవ్వుతారు. నవ్వనీండి. ఇప్పుడు సన్నటి గాజు గొట్టంలో దూడ ఒంటినుంచి తీసిన మందు వస్తోంది. టీకాలాయన పెట్టె తెరిచి, గీసి, పెట్టె మూసి, వచ్చిన పడవలోనే పోతున్నాడు. చలిజ్వరానికి తపాలా కచేరీలో క్వినైను పొట్లాలు అమ్ముతున్నారు. కలరా రోజుల్లో కాలవ నీళ్ళు కాచుకు తాగమని దండోరా వేయిస్తున్నారు. జబ్బు వచ్చాక వైద్యుడి కోసం పరుగెత్తడం మాకు తాతలనాటి నుంచీ తెలుసు. జబ్బు రాకముందే మందేమిటన్నదే చాలాకాలం మా తలకెక్కలేదు. శుభ్రంగా చద్దన్నం తిని, వల భుజాన వేసుకుని పోతున్నవాణ్ణి ఆపి కత్తితో గీస్తానంటే ఎవరు ఊరుకుంటారు?

నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాక. మా చిన్నకోడలు ఇసకలో వేలు పట్టి రాయించి నేర్పింది. నేర్చుకున్నాను గనక ఒక సంగతి రాసి పెడదామని కూర్చున్నాను. టీకా వల్ల నా పెళ్ళి చెడిపోబోయిన సంగతి అది. చెడితే చెడింది గాని, చెడడానికి చెప్పిన కారణం వింటే మీకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఆనాడు రాలేదు.

మాది గౌతమి ఒడ్డున, కోటిపల్లి రేవుకి దిగువన, పల్లెవాళ్ళ పేట. మగవాళ్ళు వల వేస్తారు, ఆడవాళ్ళు తట్ట మోస్తారు. నిండు తట్ట నెత్తిన పెట్టుకుని ద్రాక్షారామం దాకా నడిచి, బేరమాడి, ఖాళీ తట్టతో తిరిగి రాగలిగిన పిల్లకే మాలో పెళ్ళి మాట ఎత్తుతారు. నేను అప్పటికి రెండేళ్ళుగా రామచంద్రపురం సంత దాకా కూడా మోస్తున్నాను. పెళ్ళికొడుకు ఎవరన్నది నేను పుట్టిననాడే తేలిపోయింది. మా మేనత్త కొడుకు, మా బావ. వరద తీశాక ముహూర్తం పెట్టుకుందామనుకున్నారు. మా బావ వరద గోదావరిలో దుంగ పట్టుకుని ఈ గట్టునుంచి ఆ గట్టుకు పోగల మనిషి. మాట మాత్రం నోట్లోంచి లాగాలి. ఆ లోటు నేను తీరుస్తానని మా నాన్న ధైర్యం.

మా అత్తకు ఆ ధైర్యం లేదు. అన్న కూతుర్ని కాబట్టి కాదనలేదు, నా నోరు తెలుసు కాబట్టి మనసారా అవుననలేదు. ఇంకో బాధ కూడా ఉంది. మాలో పెళ్ళికాని కొడుకు పట్టిన చేప తల్లి తట్టలోకి పోతుంది, పెళ్ళయ్యాక పెళ్ళాం తట్టలోకి మారుతుంది. ఏటా కొత్త వరదకి గోదావరిలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు వలలో పడిన మొదటి చేపను మాత్రం, కొడుక్కి మనవలు పుట్టినా సరే, తల్లి తట్టలోనే వెయ్యాలి. మా అత్తకు ఒక్కడే కొడుకు. ఆ మొదటి చేపను ఆకు కప్పకుండా తట్ట మీద పెట్టుకుని, అమ్మడానికి పోయేముందు పేటంతా ఒక చుట్టు తిరిగేది. ఎవరూ అడక్కపోయినా, "మావాడు వేశాడే" అనేది.

ఆ ఏడు ఎండలు ముదిరినప్పుడు టీకాలాయన వచ్చాడు. నల్లకోటు, తలపాగా, చంకలో చిన్న చెక్కపెట్టె. మశూచి రాకుండా కాకినాడనుంచి గాజుబిళ్ళల మధ్య ఎండబెట్టిన మందు తెచ్చానన్నాడు. అది ఎవరో పిల్ల టీకా పుండునుంచి తీసిన రసమట. మా పేటవాళ్ళు వినగానే వెనక్కి జరిగారు. అమ్మవారు పొయ్యకుండా మనిషి అడ్డుపడడం ఏమిటని కొందరు, చీము తెచ్చి చేతికి పూస్తాడేమిటని కొందరు. మా కులపెద్ద మాత్రం సర్కారు మనిషికి ఎదురు చెప్పలేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆయ్, చిత్తమండి, అందరం వేయించుకుంటామండి బాబుగారూ," అన్నాడు.

అన్నమాట ప్రకారం అందరికంటే ముందు ఆయనే వేయించుకున్నాడు. అందరికంటే ముందు వెళ్ళి కడుక్కున్నదీ ఆయనే. గీత పడిన చెయ్యి గీత పడినట్టే రేవులోకి పోయి, ఇసకతో తోమి, బూడిద రాసుకుని ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది పేటంతా. మా బావ అసలు వరసలోకే రాలేదు. ఆ పూట చేపలు లేకపోయినా ఏటి మధ్యలో దోనె ఆపుకుని వల దులుపుతూ కూర్చున్నాడు.

నేను కడుక్కోలేదు. భక్తి ఏమీ కాదు. ఆ పొద్దున పడిన చేప ఎండకి చెడిపోయేలా ఉంది. గీయించుకున్నదాన్ని గీయించుకున్నట్టే తట్ట ఎత్తుకుని సంతకు పరుగెత్తాను. రెండు చేతులూ తట్ట మీదే ఉన్నాయి. ఇంక జబ్బ ఎవరు తోముకుంటారు?

నాలుగు రోజులకి ఆ గీత ఎర్రబడింది. ఆ తర్వాత పొంగింది. మధ్యలో చిన్న గుంటతో, చుట్టూ నీటిబుగ్గలా, పెద్ద ముత్యంలా తయారైంది. చెయ్యి బరువు, కాస్త జ్వరం. మా అత్త చూసి, "చేపముల్లు గుచ్చుకుని ఉంటుంది. చూసుకుని నడవమంటే వింటేనా," అంది. నేను నడిచేది కాళ్ళతోనే గాని జబ్బతో కాదని చెప్పాను. అలా చెప్పకుండా ఉంటే ముందుముందు కాస్త మేలు జరిగేదేమో.

వారం తిరిగాక టీకాలాయన మళ్ళీ వచ్చాడు. అందరినీ వరసగా కూర్చోబెట్టి జబ్బలు చూసుకుంటూ వచ్చాడు. ఒక్కొక్క జబ్బ చూసేకొద్దీ ఆయన మొహం వాడిపోతోంది. ఎక్కడా ఏమీ లేదు. ఎండకి మందు చచ్చిపోయిందో, మావాళ్ళు తోమి చంపారో, రెండూనో. చివర నా దగ్గరికొచ్చాడు. చూశాడు. తలపాగా తీసేశాడు.

"అమ్మాయ్! ఇది నిజంగా నీ చెయ్యేనా?"

"ఇంకెవరిదండీ బాబుగారూ, నాకే అతికించి ఉంది కదా."

"ఎంత చక్కగా పండిందమ్మా! ఈ చెయ్యి నా ఉద్యోగం నిలబెట్టిందే తల్లీ!"

నా జబ్బ మీద అంత ప్రేమ చూపించిన మగవాడు అంతకు ముందు లేడు, తర్వాతా లేడు. విషయమేమిటంటే, పండిన పుండును సూదిమొనతో గుచ్చితే తేటగా రసం ఊరుతుంది. దాన్ని అప్పటికప్పుడు ఇంకొకరి చేతిలోకి గీస్తే అది తప్పకుండా పట్టుకుంటుందట. ఎండిన మందు మీద నమ్మకం లేదు గాని, చేతినుంచి చేతికి పోయేది మాత్రం గట్టిదట. మా అమ్మ గొల్లుమంది. బిడ్డ బలమంతా లాగేస్తారంది.

"తీసుకోండి బాబుగారూ. నాకు బలం ఎక్కువే ఉంది. కాస్త పోతే మా అత్త సంతోషిస్తుంది," అన్నాను.

అత్త ఆరోజు పేటలో లేదు, ఎండుచేపలు పట్టుకుని ఆ గట్టుకు వెళ్ళింది. ఉండి ఉంటే ఈ కథే లేదు.

మొదట ఎవరు అని టీకాలాయన అడిగాడు. అందరూ పక్కవాడి వంక చూశారు. మా బావ మెల్లగా లేచి, "వల విప్పుకోవాలి," అంటూ రేవు వైపు కదిలాడు.

"వల ఎక్కడికీ పోదులే బావా," అన్నాను అందరూ వినేలా. "అది నీకంటే ధైర్యమైంది. కత్తితో కోసి, సూదితో కుట్టినా కిక్కురుమనదు."

నవ్వులు. మా బావ అక్కడే ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగొచ్చి, నా పక్కన చతికిలబడి, చెయ్యి చాపి కళ్ళు మూసుకున్నాడు. టీకాలాయన నా జబ్బ మీద ముత్యం గుచ్చాడు, మా బావ జబ్బ మీద గీశాడు. గీత పడ్డాక ఒక కన్ను తెరిచి, "ఇంతేనా?" అన్నాడు. "ఇంతేరా నాయనా," అన్నాడు టీకాలాయన. తర్వాత కులపెద్ద, ఆయన భార్య, ఇంకో పదిమంది దాకా కూర్చున్నారు. ఈసారి టీకాలాయనకు తెలివొచ్చింది. గీత ఆరేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. చేతులు చాపుకుని, ఎండలో వరసగా, మా తాళ్ళమీద ఆరేసిన ఎండుచేపల్లాగే కూర్చున్నారందరూ.

నాలుగు రోజులు పోయాక మా అత్త తిరిగొచ్చేసరికి కొడుక్కి జబ్బ పొంగుతోంది, ఒళ్ళు వెచ్చబడింది. నుదుటి మీద తడిబట్ట వేసి, పక్కన కూర్చుని అడిగింది.

"ఎవరి చేతినించి తీశాడురా ఇది?"

"మరదలిదే," అన్నాడు మా బావ.

అత్త మాట్లాడలేదు. మా అత్త మాట్లాడలేదంటే మా ఇంట్లో పొయ్యి మీది చారు కూడా పొంగడం మానేస్తుంది. మర్నాడు పొద్దున్నే, వలలు ఆరేసేచోట పదిమంది ఉండగా వచ్చి మా నాన్నతో చెప్పింది.

"అన్నా, ఈ పెళ్ళి జరగదు. పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళయిపోయారు."

మా నాన్న చేతిలో వల జారిపోయింది. "ఏంటే నువ్వనేది?"

"దాని ఒంట్లో రసం వీడి ఒంట్లో ఎక్కింది. నెత్తుటిలో కలిసింది. ఇద్దరిదీ ఒక్క నెత్తురైపోయాక పెళ్ళేంటి, పాపం కాదూ?"

ఇందులో మా అత్తకు పట్టు దొరికిన చోటు ఒకటి చెప్పాలి. మా నాన్ననూ అత్తనూ కన్న మామ్మ, అంటే మా నాన్నమ్మ, అప్పటికింకా ఉంది. పళ్ళు లేవు గాని పట్టు ఉంది. అత్త చంటిపిల్లగా ఉన్న రోజుల్లో పక్కింట్లో ఒక బాలింత చచ్చిపోతే, ఆ పసిగుడ్డుకు మామ్మే పాలిచ్చి పెంచింది. ఆ పసిగుడ్డే ఇప్పటి కులపెద్ద. అందుకే ఆయన మామ్మను అమ్మా అంటాడు, మా అత్తను చెల్లెమ్మా అంటాడు. వాళ్ళింటికీ మా ఇంటికీ పెళ్ళిసంబంధాలు లేవు. ఒక రొమ్ము పాలు తాగినవాళ్ళు తోడబుట్టినవాళ్ళన్నది మాలో తిరుగులేని కట్టుబాటు. పాలకే అంత చుట్టరికం ఉంటే నెత్తుట్లో కలిసిన రసానికి ఎంత ఉండాలి? అదీ మా అత్త వాదం.

అన్నిటికంటే నాకు మండిపోయింది మా బావను చూసి. నీళ్ళరేవులో దొరకబుచ్చుకుని అడిగాను.

"నువ్వేమంటావు?"

జబ్బ గోక్కోబోయి, టీకాలాయన గోకొద్దన్నది గుర్తొచ్చి, చెవి గోక్కున్నాడు. "అమ్మ అంటోంది గదా..."

"అయితే చెల్లెలికి చీర పెట్టు."

"అదేంటే?"

"చెల్లెల్ని కదా. అన్నగారివి. రేపు నాకు ఇంకో సంబంధం చూడ్డానికి నువ్వే పోవాలి. మంచి మాటకారిని చూడు."

మొహం పాలిపోయి దోనె ఎక్కి పోయాడు. అప్పుడు తెలిసింది, నా మీద ఇష్టం లేక కాదు, తల్లికి ఎదురు చెప్పే నోరు లేక అలా అన్నాడని. ఈలోగా అత్త ఆ గట్టున ఒక పిల్లను చూసిందని కబురొచ్చింది. ఆ పిల్ల ఎంత మంచిదంటే పిలిస్తేగాని తల ఎత్తదట, తల ఎత్తినా మాట్లాడదట. ఆ ఇంట్లో ఇద్దరు మాట్లాడనివాళ్ళు చేరితే ఇంక మా అత్త ఒక్కతే మాట్లాడుకోవచ్చు. నేను ఆ రెండ్రోజులూ సరిగా తినలేదు. తట్ట మాత్రం మోశాను. అమ్మకపోతే చేప ఊరుకోదు గదా.

పంచాయితీ పెట్టారు. బోర్లించిన పెద్దనావ నీడలో కులపెద్ద కూర్చున్నాడు, చుట్టూ పేటంతా. మా అత్త నడుముకు కొంగు బిగించి వచ్చింది.

"పెద్దయ్యా! నువ్వు మా అమ్మ పాలు తాగావు. నాకు అన్నవయ్యావా లేదా?"

"అయ్యాను చెల్లెమ్మా."

"ఆ రోజుల్లో నన్ను నీకిస్తామంటే చేసుకునేవాడివా?"

"ఛ! తప్పు కాదూ."

"మరి దీని ఒంటి రసం మావాడి ఒంట్లో ఎక్కితే ఏమవుతారు?"

కులపెద్ద తల ఊపాడు. ఆయన పెద్దరికమంతా ఆ పాల చుట్టరికం మీదే నిలబడి ఉంది. దాన్ని తక్కువ చేసే మాట ఆయన నోటెంట ఎలా వస్తుంది? "నిజమే... అన్నాచెల్లెళ్ళ వరసే కనబడుతోంది..." అంటున్నాడు. పక్కనున్న ఆయన భార్య ఆయన మోకాలి మీద చరిచింది.

"ఏమయ్యో, ఆ పిల్ల చేతిదే నీకూ వేశాడు, నాకూ వేశాడు. మరి మనమేమయ్యాం?"

జనం గొల్లుమన్నారు. కులపెద్ద నుదురు తుడుచుకున్నాడు.

"మనది... మనది ముందే అయిపోయిన పెళ్ళి. అయిపోయినదానికి ఇది రాదు. ఇకమీద కాబోయేవాటికే."

"బాగుంది! అన్నగారికి వండి పెట్టడం నావల్ల కాదు. రేపటినించి నీ పెళ్ళాన్నే వండమను."

"నువ్వే కదే నా పెళ్ళానివి!"

"ఏమో, నువ్వే తేల్చుకో."

అయినా కులపెద్ద మాట మార్చలేదు. అయిన పెళ్ళిళ్ళు నిలబడతాయి, కావలసినవి ఆగిపోతాయి, అదీ తీర్పు అనబోతున్నాడు. మా బావ ఇసకలో బొటనవేలితో గొయ్యి తవ్వుతున్నాడు, అందులో దిగిపోయేలా.

అప్పుడు మా మామ్మ నావకు చేరబడిన చోటునుంచి కదిలింది. అంతవరకూ నిద్రపోతోందనుకున్నాం.

"ఒరే," అంది కులపెద్దతో. "నా పాలు తాగినోడివి నువ్వు నాకేమవుతావురా?"

"కొడుకుని గదమ్మా."

"ఇచ్చినదాన్ని నేనేమవుతాను?"

"తల్లివి."

"మరి ఇక్కడ ఇచ్చింది ఎవర్రా?"

"ఈ పిల్ల."

"పుచ్చుకున్నది?"

"వాడు..."

"అయితే ఇది వాడికి చెల్లెలు ఎలా అవుతుందిరా, ఏ లెక్కన? తల్లవుతుంది."

మా బావ తవ్వడం ఆపి తల ఎత్తాడు. నా వంక చూసి, చాలాసేపు ఆలోచించి, "అయితే నిన్ను నేనిప్పుడేమని పిలవాలే?" అన్నాడు.

"నోరు మూసుకుని పిలువు," అన్నాను.

మామ్మ ఇంక ఆగలేదు. కూతురి వైపు తిరిగింది. కన్న కూతురు గదా, ఎక్కడ గిచ్చితే ఎక్కడ నొప్పో ఆవిడకే తెలుసు.

"నువ్వు చెప్పింది సబబేనే అమ్మాయ్. పెళ్ళి మానేద్దాం. తల్లీకొడుకులకి పెళ్ళేంటి? కాకపోతే వరస తేలాక వరస ప్రకారం నడవాలి. నువ్వు కన్నతల్లివి, ఇది రసం ఇచ్చిన తల్లి. ఇద్దరికీ హక్కుంది. ఈ ఏడు ఎర్రనీళ్ళకి వాడికి పడిన మొదటి చేప ఇద్దరికీ పంచండి. తల దీనికి, తోక నీకు. ఒరే పెద్దా, రాసి పెట్టుకోలేవు గాని గుర్తు పెట్టుకో."

మా అత్త మొహం చూడాలి మీరు. చారు పొంగడం కాదు, కుండ పగిలింది.

"పంచడమేంటి? ఎవరికి పంచేది? నొప్పులు పడి కన్నది నేను! వాడికి తల్లిని నేనొక్కదాన్నే! ఇంత చీము బొట్టు అంటించినందుకు ఇది తల్లయిపోద్దా?"

"నెత్తుట్లో కలిసిందన్నావు గదే."

"కలిస్తే కలిసింది! గోదాట్లో ఎన్ని కలవట్లేదు! చీముకి తల్లితనం ఏంటి?"

కులపెద్ద గాలి పీల్చుకున్నాడు. "అంటే చెల్లెమ్మా, ఈ రసానికి చుట్టరికం లేదంటావా?"

"లేదు!"

"తల్లి వరస రాదు?"

"రాదు!"

"ఏ వరసా రాదు?"

"ఏ వరసా రాదు! ఎన్నిసార్లు..." అంటూ ఆగిపోయింది మా అత్త. పేటంతా తన నోటివంకే చూస్తోందని అప్పుడు గ్రహించింది. కులపెద్ద భార్య పకపకా నవ్వి మొగుడి మోకాలు మళ్ళీ చరిచింది. "పద, వండుతాను," అంది.

తీర్పు అయిపోయింది. అయితే కులపెద్దకు ఒక అనుమానం మిగిలిపోయింది. మా అత్త రేపు మళ్ళీ మాట మారిస్తే? ఆయన మెల్లగా అన్నాడు. "చెల్లెమ్మా, వరస లేదని నీకు నిజంగా నమ్మకమైతే నువ్వూ వేయించుకో. టీకాలాయన ఎల్లుండి వస్తున్నాడు. నీ కొడుకు చెయ్యే పండి ఉంది."

"వేయించుకుంటాను. నాకేం భయం!" అంది అత్త. భయమేనని అందరికీ తెలుసు.

టీకాలాయన వచ్చాడు. మా అత్త కొడుకు పక్కన కూర్చుని చెయ్యి చాపింది, మొహం గోదావరి వైపు తిప్పుకుంది. నాకు లోపల లెక్క తిరుగుతోంది. మామ్మ లెక్క ప్రకారం నా రసం బావకు, బావది అత్తకు. అంటే మా అత్త నాకు మనవరాలవుతుంది! "రావే మనవరాలా" అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. మామ్మ కనిపెట్టి నా తొడమీద గోళ్ళతో గిచ్చింది. నేను పెదవులు బిగించాను. పుట్టాక మొదటిసారి అనాల్సిన మాట మింగాను. పెళ్ళి కావాలిగా మరి.

వరద తీశాక పెళ్ళయింది. పందిట్లో మా ఇద్దరి జబ్బల మీదా మచ్చలు ఒకే తీరున గుండ్రంగా కనబడుతుంటే, ముత్తైదువలు వాటికి కూడా పసుపు రాశారు.

ఇంకో మాట. ద్రాక్షారామంలో నా దగ్గర చేపలు కొనే ఒక రైతుగారి భార్యకు ఈ కథంతా తెలిసింది. కాకినాడలో పుట్టింట ఉండగా ఆవిడ పసిపిల్లకే మొదట టీకా పొడిచి ఆ రసం గాజుబిళ్ళల మధ్య పెట్టారట. ఒకరోజు వాకిట్లో తట్ట దించగానే, "మా పిల్ల చేతిదే మీ పేటకు వచ్చింది. ఇంకేం, మనం చుట్టాలమైపోయాం. ఓ రెండు చేపలు ఎక్కువ వెయ్యి," అంది. "చుట్టరికం రాదని మా పెద్ద తీర్పు చెప్పేశాడండి. చేపల ధర చేపల ధరే," అన్నాను. ఆవిడ నవ్వి, నవ్వుతూనే బేరమాడింది.

ఆ మరుసటేడు అమ్మవారు మా వైపు వచ్చింది. ఇది నవ్వుతూ రాసే సంగతి కాదు గనక గబగబా రాసేస్తాను. చేతిమీద మచ్చ ఉన్న ఒక్క ఇంట్లోనూ దీపం ఆరలేదు. టీకాలాయన వచ్చిన ప్రతిసారీ దోనెల్లో దాక్కున్న రెండిళ్ళలో మాత్రం ఏడుపు వినబడింది. ఆ ఇళ్ళలోకి అడుగుపెట్టడానికి అందరూ భయపడితే మా అత్తే వెళ్ళి వేపమండలు పరిచి, గంజి కాచి పోసింది. ఆవిడకేమీ కాలేదు. అమ్మవారికి తెలియాలనే మన చేతులమీద గుర్తు పెట్టించారు, చూసి దాటిపోయింది అనేది. టీకాలాయన ఆ మాట విని ఏదో అనబోయి, మళ్ళీ అనవసరమనుకున్నట్టు తల ఊపాడు. గంజి కాచినవాళ్ళతో వాదమేంటి?

మా ఆఖరివాడు పుట్టేనాటికి దూడ మందు వచ్చేసింది. ఇక చేతినుంచి చేతికి లేదు. కొత్త టీకాలాయన, కుర్రవాడు, పెట్టె తెరిచి గాజు గొట్టం తీశాడు. పసివాడు మా అత్త ఒళ్ళో ఉన్నాడు. వాణ్ణి కొంగు కిందకి లాక్కుని ఆవిడ అడిగింది.

"ఇది ఎవరిదయ్యా?"

"దూడదండి మామ్మగారూ. ఇప్పుడు మనుషులనించి తియ్యడంలేదండి."

"ఎవరింటి దూడ?"

"తెలీదండి. పట్నం నించి వస్తుందండి."

"ఆ దూడకి తల్లి ఉందా?"

కుర్రవాడు బిక్కమొహం వేశాడు. ఇలాంటి ప్రశ్నకు జవాబు వాళ్ళకు ఎవరూ నేర్పరు. "ఉండే ఉంటుందండి," అన్నాడు.

"ఉంటే దానితోనే చెప్పు. దాని బిడ్డ దానిది. ఇక్కడ వీడికి తల్లి ఇదిగో, ఇదే," అని గడ్డంతో నన్ను చూపించింది. "ఇదొక్కతే. ఇంకెవరొచ్చినా మాకు చుట్టరికం లేదు. ఇప్పుడు గియ్యి."

నాకేదో అనాలనిపించింది. అనడానికి చాలా ఉన్నాయి. ఏమీ అనలేదు. నేను నోరు మూసుకోవడం అది రెండోసారి.

ఆ ఏడు ఎర్రనీళ్ళు వచ్చాక మా ఆయన వేసిన మొదటి చేప ఎప్పటిలాగే వాళ్ళమ్మ తట్టలో పడింది. ఆవిడ ఎప్పటిలాగే పేటంతా చుట్టొచ్చింది. కాని అమ్మడానికి పోలేదు. సాయంత్రం మా ఇంటికి ఆకులో చుట్టి ఏదో పంపింది. విప్పి చూస్తే ఆ చేప తలకాయ.